జనవరిలో నిలిచిన ఓవర్‌క్లాక్ మే నెలలో ఎందుకు పడిపోతుంది?

"అన్నయ్యా, ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన ఫ్యాన్‌తోనే ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చా?" అని మా పిన్ని కొడుకు అడిగాడు. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. వాడి దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఏఎమ్‌డీ రైజెన్ 5 2600 ప్రాసెసర్. నన్ను అడిగే ముందే రెండు వీడియోలు చూసేశాడు. ఒకాయన అదే చిప్పును డబ్బాలో వచ్చిన అదే కూలర్‌తో 3.9 గిగాహెర్ట్జ్ మీద నడిపి చూపించాడట. ఇంకొకాయన ఆ కూలర్ మీద ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని పెనం మీద పెట్టడమేనన్నాడట. "ఇద్దర్లో అబద్ధం ఎవరిది?"

ఎవరిదీ కాదు. ఇద్దరి గదులు వేరు, కొలిచిన సమయాలు వేరు. ఈ విషయంలో మనల్ని తికమక పెట్టేది గిగాహెర్ట్జ్ అంకె. అందరూ దాని గురించే మాట్లాడతారు. కూలర్‌కి మాత్రం గిగాహెర్ట్జ్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి రెండే: ఎన్ని వాట్ల వేడి వస్తోంది, చుట్టూ గాలి ఎంత వేడిగా ఉంది. అక్కడిదాకా వెళ్లే ముందు కొంచెం మొదటి నుంచి వద్దాం.

క్లాక్ అంటే ఏమిటి, ఆ మిగులు వేగం ఎక్కడిది

ప్రాసెసర్ ఒక లయకు పనిచేస్తుంది. 3.4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 340 కోట్ల దరువులు. ఈ అంకె ఒక గుణకారం నుంచి వస్తుంది. మదర్‌బోర్డు ఇచ్చే మూల వేగం 100 మెగాహెర్ట్జ్, ప్రాసెసర్ లోపలి గుణకం 34. రెండూ గుణిస్తే 3400 మెగాహెర్ట్జ్. గుణకాన్ని 39 చేస్తే 3.9 గిగాహెర్ట్జ్. యంత్రపరంగా ఓవర్‌క్లాక్ అంటే ఇంతే.

మరి కంపెనీయే 39 పెట్టి అమ్మొచ్చు కదా? నూజివీడు మామిడికాయల్ని సంతలో ఏరడం చూసే ఉంటారు. చెట్టు ఒకటే, కాయలన్నీ ఒకలా ఉండవు. చిప్పులూ అంతే. ఒకే పళ్లెంలాంటి సిలికాన్ బిళ్ల మీద తయారైనా కొన్ని తక్కువ వోల్టేజీకే పరుగెత్తుతాయి, కొన్నింటికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఫ్యాక్టరీలో వాటిని పరీక్షించి రకాలుగా విడగొడతారు. ఆ రకంలో ఆఖరి చిప్పు కూడా తట్టుకోగల వేగాన్నే డబ్బా మీద వేస్తారు. పంట బాగా వచ్చిన ఏడాది, చవక రకానికి గిరాకీ ఎక్కువైతే, మొదటి రకం కాయ కూడా రెండో రకం బుట్టలో పడుతుంది. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లు వెతికేది ఆ కాయనే.

దానికి పేరు పడ్డ ఉదాహరణ 1998 ఆగస్టులో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ. దాని గుణకం 4.5, మార్చడానికి వీల్లేదు. మూల వేగం దాదాపు 66.7 మెగాహెర్ట్జ్, కాబట్టి 300. మదర్‌బోర్డులో మూల వేగాన్ని 100కి పెంచితే 450 మెగాహెర్ట్జ్ అయిపోయేది, చాలా చిప్పులు గొణక్కుండా నడిచేవి. పైగా అందులో 128 కిలోబైట్ల క్యాష్ (తరచూ వాడే డేటాను దగ్గర ఉంచే చిన్న మెమరీ) చిప్పు మీదే ఉండి, ప్రాసెసర్‌తో సమాన వేగంతో నడిచేది. అప్పటి ఖరీదైన పెంటియం 2లో 512 కిలోబైట్లున్నా అది సగం వేగంతోనే నడిచేది. అలా చవక చిప్పు పెద్దన్నను పట్టుకుంది. ఏకంగా 50 శాతం వేగం ఉత్తినే దొరికింది. ఓవర్‌క్లాకింగ్ అంటే ఇప్పటికీ జనం కళ్లు మెరవడానికి కారణం ఆ రోజుల జ్ఞాపకమే. ఆ మిగులు ఇప్పుడు లేదు. ఎందుకో కింద వస్తుంది.

అసలు మీ చిప్పు ఒప్పుకుంటుందా

కంపెనీలకు ఈ సంగతి తెలియకేం. గుణకానికి తాళాలు వేశారు. ఏఎమ్‌డీ 2000లో తెచ్చిన డ్యూరాన్ చిప్పుల మీద ఎల్1 అనే చిన్న చిన్న వంతెనలుండేవి. తెగిన వాటి మీద మామూలు పెన్సిల్‌తో గీసి, గ్రాఫైట్‌తో కరెంటుకి దారి కలిపి తాళం తీసేవాళ్లు. చవక పెన్సిల్‌ ముందు ఓ పెద్ద కంపెనీ తాళం ఓడిపోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సరదాగా ఉంటుంది.

ఇప్పుడు పెన్సిళ్లు పనికిరావు. ఇంటెల్‌లో గుణకం మార్చుకునే వీలు పేరు చివర 'కె' ఉన్న చిప్పులకే, అదీ జెడ్ రకం చిప్‌సెట్ బోర్డుల మీదే. చవక రకానికి ఆ వీలిచ్చిన సందర్భాలు అరుదు. పెంటియం పేరుకు ఇరవయ్యేళ్లు నిండిన గుర్తుగా 2014లో తెచ్చిన జీ3258 అలాంటిది. 3.2 గిగాహెర్ట్జ్ చిప్పు, లోపల లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, రెండే. ఎంత పరుగెత్తించినా ఆ రెండూ నాలుగు కావు కదా. నాలుగు థ్రెడ్లు, అంటే ఒకేసారి నాలుగు పనుల వరసలు, నడపలేని చిప్పు మీద తెరుచుకోని గేము అదే ఏడాది వచ్చి పడింది.

ఏఎమ్‌డీ రైజెన్ డెస్క్‌టాప్ చిప్పుల్లో కొద్ది మినహాయింపులు పోను గుణకానికి తాళం లేదు. కానీ బోర్డు కూడా ఒప్పుకోవాలి. బీ350, బీ450, బీ550 ఒప్పుకుంటాయి. ఏ320, ఏ520 ఒప్పుకోవు. మన దగ్గర తక్కువ బడ్జెట్‌లో అసెంబుల్ చేయించుకునే పీసీల్లో ఈ ఏ రకం బోర్డులు, ఇంటెల్ అయితే హెచ్ రకం బోర్డులు తరచుగా కనిపిస్తాయి. అలాంటి చోట కూలర్ సంగతి దాకా రానక్కర్లేదు.

డబ్బాలో వచ్చే కూలర్‌ని దగ్గరగా చూస్తే

రైజెన్ 5 2600తో వచ్చేది వ్రెయిత్ స్టెల్త్. చేతిలోకి తీసుకుంటే ఇంతేనా అనిపిస్తుంది. రెండంగుళాల పైచిలుకు ఎత్తు, మొత్తం అల్యూమినియం. వేడిని దూరంగా మోసుకెళ్లే హీట్‌పైపులు లేవు, అడుగున రాగి లేదు. పైన ఫ్యాన్, కింద ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే, ముందే పూసిన బూడిదరంగు థర్మల్ పేస్ట్. స్ప్రింగులున్న నాలుగు స్క్రూలతో బోర్డుకి బిగుస్తుంది.

దీన్ని ఈసడించుకునేవాళ్లు మరిచిపోయే సుగుణం ఒకటుంది. దీని ఫ్యాన్ గాలిని కిందికి ఊదుతుంది. ఆ గాలి ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చుట్టూ ఉండే, దానికి వోల్టేజీ తయారుచేసిచ్చే భాగాల మీదికి కూడా పోతుంది. చవక బోర్డుల మీద ఆ భాగాలకు అల్యూమినియం తొడుగు కూడా ఉండదు. నిలువు టవర్ కూలర్ ప్రాసెసర్‌ని బాగానే చల్లబరుస్తుంది గానీ గాలిని పక్కకు ఊదుతుంది కాబట్టి వీటిని పట్టించుకోదు.

డబ్బా మీది '65 వాట్లు' అన్న మాట ఇంకో చిక్కు. దాన్ని టీడీపీ అంటారు. కూలర్‌ని ఎంత వేడికి తయారు చేయాలో చెప్పే అంకె అది, చిప్పు తాగే కరెంటుకి గరిష్ఠ హద్దు కాదు. రైజెన్ 5 3600నే చూడండి. పేరుకు 65 వాట్ల చిప్పు, ఏ మార్పూ చేయకుండానే సాకెట్ దగ్గర 88 వాట్ల దాకా తీసుకునే అనుమతి దానికుంది. కాబట్టి "65 వాట్ల కూలర్‌కి 65 వాట్ల చిప్పు, ఇంకా బోలెడంత జాగా ఉంది" అనే లెక్క మొదట్లోనే తప్పు.

ఎనిమిది శాతం వేగానికి 37 శాతం వేడి

చిప్పు పుట్టించే వేడిలో పెద్ద వాటా ఒక సూత్రం ప్రకారం నడుస్తుంది. వేగం రెట్టింపైతే వేడి రెట్టింపు. వోల్టేజీ రెట్టింపైతే మాత్రం వేడి నాలుగింతలు, ఎందుకంటే లెక్కలోకి వోల్టేజీ వర్గం వస్తుంది. వేగం పెంచాలంటే ఒక దశ దాటాక వోల్టేజీ కూడా పెంచక తప్పదు. లేకపోతే లోపలి స్విచ్చులు తర్వాతి దరువులోపు మారలేక లెక్క తప్పుతాయి.

మా వాడి చిప్పుతోనే లెక్కేద్దాం. రైజెన్ 5 2600 మామూలు వేగం 3.4, అవసరమైతే చిప్పు తానే ఎక్కగల బూస్ట్ వేగం 3.9 గిగాహెర్ట్జ్. ఆరు కోర్లకూ పనిపడితే మధ్యలో ఎక్కడో నడుస్తుంది, 3.6 అనుకుందాం. వోల్టేజీ 1.2, వేడి 65 వాట్లు అనుకుందాం. ఇప్పుడు ఆరు కోర్లనూ 3.9 దగ్గర కట్టేసి వోల్టేజీ 1.35 ఇచ్చామనుకోండి.

వేగం పెరిగింది 3.9 బై 3.6, అంటే 1.083 రెట్లు. వోల్టేజీ పెరిగింది 1.35 బై 1.2, అంటే 1.125 రెట్లు, దాని వర్గం 1.266. రెండూ గుణిస్తే 1.37. 65 వాట్లు 89 అయ్యాయి. చేతికొచ్చింది 8 శాతం వేగం, కూలర్ నెత్తిన పడింది 37 శాతం వేడి. చిప్పు వేడెక్కేకొద్దీ ఊరికే కారిపోయే కరెంటు కూడా పెరుగుతుంది, దాన్ని నేను ఇందులో కలపలేదు.

అందుకే ఇద్దరు మనుషులు "3.9 పెట్టాను" అన్నా ఆ రెండూ ఒకటి కావు. అదృష్టం బాగుండి 1.25 వోల్టులకే 3.9 అందుకునే చిప్పు ఒకరికి దొరుకుతుంది. ఇంకొకరి చిప్పు 1.4 అడుగుతుంది. అందరూ సిలికాన్ లాటరీ అనేది దీన్నే. పైన చెప్పిన మామిడికాయల ఏరివేతకు ఇది వెనక వైపు.

గది వేడి నేరుగా వచ్చి కలుస్తుంది

కూలర్ చిప్పుని గాలి కంటే చల్లగా చేయలేదు. గాలికన్నా ఎన్ని డిగ్రీలు పైన ఉంచగలదన్నదే దాని శక్తి. ఈ తేడా వాట్లతో పాటు దాదాపు సమానంగా పెరుగుతుంది.

విజయవాడలో జనవరి అనుకోండి. గది 26 డిగ్రీలు, క్యాబినెట్ లోపల గాలి 30. మామూలు సెట్టింగుల్లో 65 వాట్ల దగ్గర చిప్పు 68 డిగ్రీలు చూపించింది. అంటే గాలి మీద 38 డిగ్రీలు ఎక్కువ. ఓవర్‌క్లాక్ చేసి 89 వాట్లు చేస్తే ఆ 38 కాస్తా 52 అవుతుంది. 30కి 52 కలిపితే 82. ఈ చిప్పుకి ఏఎమ్‌డీ పెట్టిన హద్దు 95. హాయిగా ఉంది, వీడియో తీసి పెట్టుకోవచ్చు.

అదే యంత్రం, అదే సెట్టింగ్, మే నెల. పై అంతస్తు, పైన ఎండకి కాగిన శ్లాబు, ఏసీ లేదు. గది 38, క్యాబినెట్ లోపల 42. దానికి 52 కలిపితే 94. హద్దుకి ఒక్క డిగ్రీ. మధ్యాహ్నం రెండింటికి గది 40 దాటితే ఆ డిగ్రీ కూడా పోతుంది. అప్పుడు చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. డబ్బులు పెట్టకుండా సంపాదించిన 8 శాతం పోవడమే కాదు, కొన్నిసార్లు మామూలు వేగం కంటే కిందికి దిగుతుంది. ఇంకోలా కూడా జరగొచ్చు: చల్లగా ఉన్నప్పుడు సరిపోయిన వోల్టేజీ వేడిలో చాలక, తెర నీలంగా మారి పీసీ రీస్టార్ట్ అవుతుంది.

ఓవర్‌క్లాక్ చేయకుండా ఉంటే మే నెలలోనూ 42కి 38 కలిపి 80 డిగ్రీలే. ఆ 15 డిగ్రీల ఖాళీని చూసి కంపెనీ ఏదో దాచుకుందని అనుకుంటాం. రైజెన్ 7 2700ఎక్స్ టీడీపీ లెక్కలో ఏఎమ్‌డీ కూలర్ దగ్గరికి వచ్చే గాలిని 42 డిగ్రీలుగా తీసుకుంది. అంటే వాళ్ల లెక్కలో మన ఎండాకాలం ముందే ఉంది. స్టాక్ కూలర్ మీద, అంటే డబ్బాలో వచ్చిన కూలర్ మీద, ఓవర్‌క్లాక్ చేయడమంటే ఎండాకాలం కోసం అట్టిపెట్టిన ఆ ఖాళీని చలికాలంలో వాడేసుకోవడం.

మా వాడు చూసిన మొదటి వీడియో రహస్యం కూడా ఇక్కడే ఉంది. చిన్న అల్యూమినియం దిమ్మ పూర్తిగా వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నిమిషంలో అయిపోయే పరీక్షలో చూపించే అంకె, అరగంట నడిచాక వచ్చే అంకె ఒకటి కావు. ఏసీ గదిలో తీసిన వీడియో అయితే ఇక చెప్పేదేముంది.

ఇంతకీ ఆ ఎనిమిది శాతం ఎక్కడ కనిపిస్తుంది

వీడియో ఎగుమతి చేయడానికి గంట పట్టే పని ఉందనుకోండి. కోర్లన్నీ దాని మీదే ఉంటే 8 శాతం వేగంతో 55 నిమిషాల్లో పూర్తవుతుంది. ఐదు నిమిషాలు మిగిలాయి, రోజూ చేసేవాళ్లకి అది లెక్కే.

గేముల్లో కథ వేరు. మీ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 70 ఫ్రేములు గీయగలదు, ప్రాసెసర్ 110 ఫ్రేములకు సరిపడా పని అందించగలదు. ఓవర్‌క్లాక్ చేస్తే ఆ 110 కాస్తా 119 అవుతుంది. తెర మీద మాత్రం 70కి 70. చవక కార్డు జతగా ఉన్న చాలా పీసీల పరిస్థితి ఇదే. తక్కువ రిజల్యూషన్‌లో, తేలికపాటి గ్రాఫిక్స్‌తో ఆడే పోటీ గేముల్లో కార్డుకి పని తక్కువ కాబట్టి అక్కడ ప్రాసెసర్ వేగం తేడా తెలుస్తుంది. బ్రౌజర్‌లో, వర్డ్‌లో పని చేసేవాళ్లకి స్టాప్‌వాచ్ పెట్టినా దొరకదు.

కొత్త చిప్పులు మీకన్నా ముందే చేసేసుకుంటాయి

సెలెరాన్ రోజుల మిగులు ఇప్పుడు ఎందుకు లేదంటే, దాన్ని కంపెనీలే వాడేస్తున్నాయి. ఇప్పటి ప్రాసెసర్ ప్రతి క్షణం తన ఉష్ణోగ్రత, కరెంటు, పని భారం చూసుకుంటూ వేగాన్ని తానే పైకీ కిందికీ మారుస్తుంటుంది. బూస్ట్ అంటే అదే. ఒక్క కోర్‌కే పనుంటే దాన్ని చాలా పైకి తోస్తుంది, అన్నింటికీ పనుంటే కొంచెం తగ్గి నడుపుతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. రైజెన్ 5 3600 బూస్ట్ 4.2 గిగాహెర్ట్జ్. ఎవరో కష్టపడి కోర్లన్నింటినీ 4.1 దగ్గర కట్టేశారనుకోండి. అన్ని కోర్లూ వాడే పనిలో కాస్త లాభం. ఒక్క కోర్ మీద ఆధారపడే పనిలో, అంటే రోజువారీ వాడకంలోనూ చాలా గేముల్లోనూ, 4.2 దాకా వెళ్లగలిగిన చిప్పుని 4.1 దగ్గర ఆపేసినట్టు. ఓవర్‌క్లాక్ చేసి నెమ్మదైన కంప్యూటర్ అన్నమాట.

అందుకే కొన్నేళ్లుగా స్టాక్ కూలర్ వాడేవాళ్లలో ఇంకో పద్ధతి పేరు వినిపిస్తోంది. అది అండర్‌వోల్టింగ్. వేగాన్ని అలాగే ఉంచి వోల్టేజీ తగ్గించడం. మన ఉదాహరణలో 3.6 దగ్గర 1.2 బదులు 1.1 వోల్టులు చాలితే, వర్గం లెక్క ప్రకారం వేడి 65 నుంచి 55 వాట్లకు దిగుతుంది. మే నెల గదిలో 80 బదులు 74. రైజెన్ 5000 తరం నుంచి కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగుతో ఇదే పని కోర్ కోర్‌కీ చేయొచ్చు. అక్కడ వోల్టేజీ తగ్గించగా మిగిలిన చల్లదనాన్ని చిప్పే బూస్ట్‌గా మార్చుకుంటుంది. అంటే తగ్గిస్తే పెరుగుతుంది! అయితే ఇదీ లాటరీయే. మరీ తగ్గిస్తే వచ్చే తప్పులు భారం ఉన్నప్పుడు కాకుండా, పీసీ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి మరీ విసిగిస్తాయి.

చెడిపోతుందా, వారంటీ ఏమవుతుంది

ఓవర్‌క్లాక్‌ని సమర్థించేవాళ్ల వాదనలో బలం ఉంది. హద్దు దాటితే చిప్పు నెమ్మదిస్తుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. పాత రోజుల్లోలా పొగ రావడం ఉండదు. ఏళ్ల తరబడి ఓవర్‌క్లాక్‌తో నడుస్తున్న పీసీలు ఎన్నో ఉన్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆరేడేళ్ల చిప్పుకి వారంటీ ఎలాగూ లేదు, పోయేదేముంది అంటారు.

అవతలివాళ్లు వేడి కన్నా వోల్టేజీని చూడమంటారు. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి కలిసి ఏళ్ల మీద లోపలి సన్నని తీగల్లో లోహాన్ని మెల్లగా జరుపుతాయి. అప్పుడు ఒకప్పుడు సరిపోయిన వోల్టేజీ చాలదు. ఇది ఊహ కాదనడానికి 2024లో బయటపడిన ఇంటెల్ 13, 14వ తరం వ్యవహారం చూపిస్తారు. అక్కడ ఓవర్‌క్లాక్ చేయని చిప్పులు కూడా అవసరానికి మించిన వోల్టేజీ అందుకుని క్షీణించాయి. ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) సరిచేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. కారణాలు పూర్తిగా ఒకటి కావు గానీ, వోల్టేజీ చేసే నష్టాన్ని ఉష్ణోగ్రతతో మాత్రమే కొలవకూడదన్న మాట దీనితో గట్టిపడింది. ఇక వారంటీ విషయంలో ఏఎమ్‌డీ మాట సూటిగా ఉంది: ఓవర్‌క్లాక్ వల్ల జరిగిన నష్టానికి వర్తించదు, తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో చేసినా సరే.

నా లెక్కలో అసలు నష్టం ఈ రెంటిలోనూ లేదు. అంచు మీద నిలబడ్డ ఓవర్‌క్లాక్ అప్పుడప్పుడూ చప్పుడు చేయకుండా తప్పు లెక్క చేస్తుంది. గేము మధ్యలో మూసుకుపోతే నవ్వుకుంటాం. జిప్ ఫైలు పాడై, అది మూడు నెలల తర్వాత తెరిచినప్పుడు తెలిస్తే నవ్వు రాదు.

మా ఇంట్లో ఏం జరిగిందంటే

నేనూ 2600నే వాడాను. డిసెంబరులో 3.9 పెట్టాను, సంక్రాంతి దాకా రాజాలా నడిచింది. మే మొదటి వారంలో మధ్యాహ్నం పూట రీస్టార్టులు మొదలయ్యాయి, రాత్రి పదికి మళ్లీ మామూలే. వేడి మీద అనుమానం వచ్చి క్యాబినెట్ తెరిచాను. ఫ్యాన్ తీసి చూస్తే రెక్కల మధ్య దుమ్ము పత్తి పరుపులా పరుచుకుని ఉంది. గాలి దాని మీద తగిలి పక్కకి పోతోంది. నేను లెక్కలో వేసుకున్న 52 డిగ్రీలు కొత్త కూలర్‌వి, ఈ పరుపు కిందివి కావు.

సరే కడుగుదామని స్క్రూలు విప్పి కూలర్‌ని నిటారుగా పైకి లాగాను. ఎండిపోయిన పేస్ట్ ప్రాసెసర్‌ని వదల్లేదు. సాకెట్ మీట ఇంకా మూసే ఉంది, అయినా చిప్పు మొత్తం ఊడి కూలర్‌తో పాటు వచ్చేసింది. ఏఎమ్4 అనే సాకెట్‌లో కూర్చునే ఈ చిప్పులకి కింద సూదుల్లాంటి పిన్నులుంటాయి. ఓ మూల నాలుగు పిన్నులు ఒంగాయి. పీసీని కాసేపు నడిపి పేస్ట్ మెత్తబడ్డాక, కూలర్‌ని అటూ ఇటూ తిప్పుతూ విడదీయాలని తర్వాత తెలిసింది. పాత ఏటీఎం కార్డు అంచుతో ఒక్కో పిన్నునీ నిలబెట్టడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఇంట్లో ఎవరినీ ఫ్యాన్ వేయనివ్వలేదు, పిన్నుల మీద దుమ్ము పడుతుందని.

చిప్పు బతికింది. పీసీ ఆన్ చేయగానే వెళ్లగలిగే సెట్టింగుల తెర, అంటే బయోస్‌లో, ఇప్పుడు రెండు ప్రొఫైళ్లు దాచుకున్నాను. ఒకటో నంబరు 3.9ది. రెండో దాంట్లో వేగం ముట్టుకోలేదు, వోల్టేజీ మాత్రం కొంచెం తగ్గించాను. ఉగాది వెళ్లగానే రెండోదానికి మారుస్తాను. ఒకటోది మళ్లీ తెరిచేది కార్తీకంలోనే. పిన్ని కొడుక్కి ఇదంతా చెబితే, "అయితే ఇప్పుడు ఏ నంబరు పెట్టమంటావ్?" అని అడిగాడు. బయట ఎంత ఉందో చూసి చెప్పరా అన్నాను. 41.